పిల్లల తోటలో వసంతము

నేడు పట్టణములయందే గాక పెద్ద గ్రామములయందును ఎల్.కె.జి., యు.కె.జి. అను తరగతులు వెలసినవి. తల్లిదండ్రులు ఆ పేర్లను నిత్యము పలుకుచుందురు. రుసుము రసీదులపై చూచుచుందురు. ఆ పేర్లలోని 'కె.జి.' అను అక్షరములు 'కిండర్‌గార్టెన్' అను జర్మను పదమునకు సంక్షేపము. 'కిండర్' అనగా పిల్లలు. 'గార్టెన్' అనగా తోట. రెండును కలిపినచో 'పిల్లల తోట' యని తెలుగు అగును. గదిలో బల్లలపై కూర్చుండి అక్షరములు దిద్దు తరగతికి తోట యను పేరు ఏల వచ్చినది? అది కవులు చెప్పు ఉపమానము మాత్రమేనా? లేక ఆ పేరు పెట్టిననాడు నిజముగా మట్టియు, విత్తనమును, నీరును ఉండెనా? ఈ ప్రశ్నకు చరిత్రలో స్పష్టమైన సమాధానము కలదు. ఆ చరిత్ర తెలిసినచో, వసంతకాలమున చిన్నపిల్లలు ఆ తోటలో ఏమి నేర్చుకొనెడివారో, తరువాత తరములవారు ఏమి పోగొట్టుకొనిరో కూడ తెలియగలదు.

ఆ పేరు పెట్టినవాడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అను జర్మను ఉపాధ్యాయుడు. ఆయన 1782 ఏప్రిల్ 21వ తేదీన, తురింగియా అను కొండల ప్రాంతమునందలి ఓబర్‌వైస్‌బాఖ్ గ్రామమున, ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించెను. ఏడాదియైనను నిండకమునుపే తల్లి మరణించెను. తండ్రికి ఊరి పనులే గాని బిడ్డను చూచుటకు తీరిక లేకపోయెను. సవతి తల్లికి తన బిడ్డ కలిగిన పిమ్మట ఈతనిపై ఆదరము తగ్గెను. ఇంటి చుట్టునున్న తోటయే ఆ బాలునకు తోడయ్యెను. పది సంవత్సరముల వయస్సున మేనమామ అతనిని తన యింటికి తీసికొనిపోయిన తరువాతనే అతడు కొంత సుఖమెరిగెను.

పదునైదేండ్ల వయస్సున ఫ్రోబెల్ ఒక అడవి అధికారివద్ద పని నేర్చుకొనుటకు కుదిరి, రెండేండ్లు చెట్ల నడుమ గడపెను. పిదప యేనా విశ్వవిద్యాలయమున కొంతకాలము చదివి, అప్పు తీర్పలేక కొన్ని వారములు చెరసాలయందుండెను. బ్రతుకు తెరువునకై భూమి కొలతల పని చేసెను. ఒక పెద్ద జమీయందు లెక్కలు వ్రాసెను. గొలుసు పట్టి నేల కొలిచినవానికి, జమాఖర్చు వ్రాసినవానికి ప్రతి మడికి ఒక హద్దు, ప్రతి గింజకు ఒక లెక్క ఉండునని తెలియును. ఆ తెలివి ఆయన తరువాత వేసిన పిల్లల తోటలో కనిపించుచున్నది.

1805లో ఫ్రాంక్‌ఫర్టు నగరమున గృహనిర్మాణశాస్త్రము చదువవలెనని వచ్చిన ఫ్రోబెల్, అచ్చట ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ఆ యేడే స్విట్జర్లాండు దేశమునకు పోయి, సుప్రసిద్ధ విద్యావేత్తయగు పెస్టలాజీని దర్శించెను. 1808 మొదలు రెండేండ్లు ఆయనవద్దనే ఉండి, వస్తువును చేతబట్టి కంటజూచి నేర్చుట అను పద్ధతిని గ్రహించెను. తరువాత బెర్లినులో ఖనిజశాస్త్రము చదివెను. 1817లో కైల్‌హౌ అను చిన్న గ్రామమున పాఠశాల నడపెను. 1826లో మనుష్యుని విద్యనుగూర్చి గ్రంథము ప్రకటించెను. ఇన్ని పనులు చేసిన పిదప ఆయనకు కలిగిన నిశ్చయము ఒక్కటే: బడి వయస్సు వచ్చునప్పటికే శిశువు సగము మనుష్యుడై యుండును, అంతకుముందరి మూడు నాలుగేండ్లను ఎవ్వరును పట్టించుకొనుట లేదు.

కావున 1837లో, 55 ఏండ్ల వయస్సున, బ్లాంకెన్‌బర్గు అను ఊరిలో చిన్నపిల్లల ఆటకును, చేతిపనికిని ఒక సంస్థ నెలకొల్పెను. దానికి తగిన పేరు చాలకాలము దొరకలేదు. ఒకనాడు సహచరులతో కొండదారిన నడచుచు, క్రింద లోయలో కనిపించుచున్న ఊరిని చూచి నిలిచిపోయి, 'కిండర్‌గార్టెన్' అని కేకవేసెనని ఆయన సహచరుడొకడు వ్రాసియుంచెను. 1840 జూన్ 28వ తేదీన ఆ పేరుతో సంస్థ ప్రారంభమయ్యెను. ఆ దినములలో జర్మను దేశమంతట గూటెన్‌బర్గు అచ్చుయంత్రము కనుగొని నాలుగు వందల సంవత్సరములైన సందర్భమున ఉత్సవములు జరుగుచుండెను. ఆ ఉత్సవదినముననే ఫ్రోబెల్ తన తోటకు నాంది పలికెను. పుస్తకమును ప్రేమించు గ్రంథాలయ పాఠకులు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును. అచ్చుపుస్తకపు పండుగనాడే పిల్లల తోట పుట్టినది.

తోట లోపలి గదిలో పిల్లలకు ఆటవస్తువులుండెడివి. ఆరు రంగుల ఉన్ని బంతులు మొదటివి. కొయ్యతో చేసిన గుండు, ఘనము, స్తంభము రెండవవి. ఎనిమిది ముక్కలుగా విడివడి మరల ఒక్కటిగా కూడు ఘనము మూడవది. వీనిని ఫ్రోబెల్ 'కానుకలు' అనెను. కాగితము మడచుట, చాపవలె అల్లుట, మట్టితో బొమ్మలు చేయుట మొదలగు పనులును ఉండెడివి. నీట నానిన బఠాణీలకు సన్నని పుల్లలు గ్రుచ్చి ఇండ్లు, బండ్లు చేయుట వానిలో ఒకటి. లోకములో ఈ కానుకలకే పేరు వచ్చినది. వానిని అమ్మిన వర్తకులును బాగుపడిరి. కాని ఫ్రోబెల్ దృష్టిలో గదికి వెలుపలి నేలయు గదియంత ముఖ్యమైనదే.

ఆ నేల ఏర్పాటు గమనింపదగినది. నడుమ చిన్న చిన్న మళ్లు. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క మడి. స్థలము చాలనిచోట ఇద్దరికి ఒకటి. ఆ మళ్ల చుట్టును అందరికిని చెందిన ఉమ్మడి నేల. ఉమ్మడి నేలలో ఒకవైపు పూలమొక్కలు, మరొకవైపు ధాన్యము, కూరగాయలు. తన మడిలో బిడ్డ తనకు నచ్చిన విత్తనము తనకు తోచినట్లు నాటవచ్చును. తప్పు చేసినను పెద్దలు అడ్డుపడరాదు, మొక్కయే చెప్పును. ఉమ్మడి నేలలో మాత్రము అందరును కలిసి, చెప్పినవేళకు, చెప్పిన పని చేయవలెను. ఒక్కని మడిని ఊరందరి నేల చుట్టుకొని కాపాడుచుండును. మాటలతో బోధించిన పెద్దలకే సరిగా తలకెక్కని 'నాది', 'మనది' అను భేదమును, అవి రెండును ఒకదానినొకటి ఆశ్రయించు తీరును, నాలుగేండ్ల బిడ్డ కాలితో త్రొక్కి నేర్చుకొనెడిది. మడియంచున ఒక పుల్లకు కట్టిన చీటిపై మొక్క పేరును, బిడ్డ పేరును వ్రాసియుండెడివి. అక్షరము పుస్తకమునుండి కాక మొక్క ప్రక్కనుండి బిడ్డను పలుకరించెడిది.

తురింగియాలో శీతకాలమున నేల మంచుతో గట్టిపడియుండును. మార్చి, ఏప్రిల్ నెలలలో మంచు కరగి, మట్టి మెత్తబడి, చెట్లు చిగుర్చును. అచ్చటి రైతు విత్తనపు మూట విప్పు కాలమదియే. ఆ కాలముననే పిల్లలును చిన్న పారలు పట్టుకొని తోటలోనికి వచ్చెడివారు. ఆ వసంతమున వారు నేర్చుకొను విషయములు చూచుటకు చిన్నవి.

మొదటిది, ఓపిక. నాటిన మరునాడు బిడ్డ మట్టి తవ్వి విత్తనమును చూచును. తవ్విన విత్తనము చెడిపోవును. మరల నాటును. ఈసారి తవ్వక నిలుచును. ఏడ్చినను, అలిగినను, బ్రతిమాలినను విత్తనము తన కాలమునకు ముందు మొలవదు. ఇంటిలో ఏడ్చి సాధించుకొన్న బిడ్డకు ఏడుపునకు లొంగని వస్తువు లోకములో కలదని మొట్టమొదట తెలియునది ఇచ్చటనే. అయినను అది నిర్దయ కాదు. కొన్ని దినములు నీరు పోసి వేచియున్నవానికి అది తప్పక ప్రతిఫలమిచ్చును.

రెండవది, చూపు. చిక్కుడు గింజయు, బఠాణీ గింజయు ఒకేనాడు నాటినచో, చిక్కుడు తన రెండు పప్పుబద్దలను నెత్తిన పెట్టుకొని పైకి లేచును; బఠాణీ తన బద్దలను మట్టిలోనే దాచి మొలకను మాత్రము పైకి పంపును. మన పొలములలోను ఇదే భేదము కలదు. పెసర, మినుము, అలసంద బద్దలను పైకెత్తును. కంది, శనగ భూమిలోనే ఉంచుకొనును. ఏండ్ల తరబడి సేద్యము చేసిన రైతు బిడ్డలలో సయితము ఈ సంగతిని వంగి చూచినవారు ఎందరు? గింజను తలక్రిందులుగా నాటినను వేరు క్రిందికే తిరుగును, మొలక పైకే తిరుగును. దీనిని చెప్పగా విన్న బిడ్డ మరచిపోవును. చూచిన బిడ్డ మరువదు.

మూడవది, లెక్క. పది గింజలు నాటగా ఏడు మొలచినవి. మూడేమైనవి? ఒకదానిని కోడి కెలికినది, ఒకటి కుళ్లినది, ఒకదాని సంగతి తెలియదు. తీసివేత అను గణితము పలకపై రాకముందే మట్టిపై వచ్చినది. ఈ లెక్కలో ఒక నష్టముయొక్క బాధయు కలిసియుండుటచేత అది మనస్సున నిలుచును.

నాలుగవది, ఇతరుని మేలు ఓర్చుకొనుట. ప్రక్క మడిలో పూవు పూచినది; తన మడిలో పూయలేదు. ఆ పూవును త్రుంచివేయవలెనని తోచును. త్రుంచినచో రేపు తన పూవునకును రక్షణ లేదు. ఒకడు జబ్బుపడి రాలేనినాడు అతని మడికి నీరు పోయువాడు ప్రక్క మడివాడే. ఈ న్యాయము బిడ్డకు నీతిశతకముకంటె ముందుగా నీటిచెంబు నేర్పును.

ఇట్టి తోటకు శత్రువులుందురని ఎవరనుకొందురు? అయినను కలిగిరి. 1848లో జర్మను దేశములలో రాజుల అధికారమునకు వ్యతిరేకముగా విప్లవము చెలరేగి, మరుసటి యేట అణచివేయబడెను. ఆ పిమ్మట ప్రభుత్వములు ప్రతి నూతన సంస్థను అనుమానముతో చూచినవి. 1851 ఆగస్టులో ప్రష్యా రాజ్యపు విద్యామంత్రి ఫాన్ రౌమర్, తన రాజ్యమున కిండర్‌గార్టెనులను నిషేధించెను. అవి బాలురను నాస్తికులుగను, సామ్యవాదులుగను తయారుచేయు పన్నుగడయని ఆరోపణ. ఫ్రోబెల్ అన్నకుమారుడు కార్ల్ ఫ్రోబెల్ ప్రకటించిన ఒక చిన్న పుస్తకమును, పినతండ్రి బోధనలతో అధికారులు కలగలిపి చూచుట దీనికొక కారణము. తాను వేరు, తన అన్నకొడుకు వేరని 69 ఏండ్ల వృద్ధుడు విన్నవించుకొన్నను ఆజ్ఞ మరలలేదు.

1852 ఏప్రిల్ 21న, వసంతమున, మారియెంటాల్ అను చోట శిష్యులును పిల్లలును ఆయన 70వ జన్మదినమును జరిపిరి. రెండు నెలలకు, జూన్ 21న, ఆయన కన్నుమూసెను. నిషేధము అప్పటికి ఇంకను అమలులోనే ఉండెను. ఆయన సమాధిపై నిలిపిన రాయి, పిల్లలకు ఆయన ఇచ్చిన కానుకల రూపములగు ఘనము, స్తంభము, గుండు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండును. 1860లో ప్రష్యా ప్రభుత్వము ఆజ్ఞను ఉపసంహరించుకొన్నది. తోట వేసినవాడు ఫలమును చూడలేదు.

నిషేధించిన రాజ్యమునుండి విత్తనములు దూరదేశములకు ఎగిరిపోయినవి. విప్లవము విఫలమైన తరువాత దేశము విడిచిన జర్మనులు ఈ విద్యను వెంట తీసికొనిపోయిరి. మార్గరెట్ షుర్జ్ అను స్త్రీ 1856లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, వాటర్‌టౌన్ అను ఊరిలో తన బిడ్డకును, బంధువుల బిడ్డలకును జర్మను భాషలో కిండర్‌గార్టెన్ నడపెను. 1860లో ఎలిజబెత్ పీబడీ బోస్టన్ నగరమున ఆంగ్లభాషలో ప్రారంభించెను. 1873లో సెయింట్ లూయీ నగరమున సూసన్ బ్లో దానిని ప్రభుత్వ పాఠశాలలో భాగముగా చేసెను. పేద కూలివాని బిడ్డకును అది అందుబాటులోనికి వచ్చినది. ఇది గొప్ప మేలు.

కాని ఈ మేలుతోబాటు ఒక నష్టమును కలిగెను. నగరములలో నేల వెల హెచ్చు. పాఠశాల భవనమున గది దొరకినది గాని, గది వెంట నేల దొరకలేదు. కానుకల పెట్టె గదిలో ఇమిడినది, తోట ఇమడలేదు. అది కిటికీ అంచున మట్టితొట్టిగను, తడిదూదిపై మొలకెత్తిన గింజగను కుంచించుకొనిపోయినది. పిదప ఆ తొట్టియు చాలచోట్ల తొలగినది. పై తరగతులకు సిద్ధపరచుట ప్రధానమై, అక్షరమును అంకెయు ముందునకు వచ్చినవి. పేరు మాత్రము చెక్కుచెదరక సముద్రములు దాటినది.

తోటను మరల తలచినవారు లేకపోలేదు. వారిలో ముఖ్యురాలు ఇటలీ దేశపు వైద్యురాలు మేరియా మాంటిసోరి. 1907 జనవరి 6న రోము నగరమునందలి సాన్ లొరెంజో అను పేదల వాడలో ఆమె శిశుగృహమును తెరచెను. ఫ్రోబెల్ కానుకలకు బదులు ఆమె వేరు ఉపకరణములను కల్పించెను. కాని మొక్కలను, జంతువులను పెంచుటవలన బిడ్డకు ముందుచూపును, ఓపికయు, నమ్మకముతో వేచియుండు గుణమును అలవడునని తన గ్రంథమున వ్రాసెను. ఆమె 1939లో దివ్యజ్ఞాన సమాజమువారి ఆహ్వానముపై మద్రాసు చేరి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఆనాడు మద్రాసు తెలుగువారికిని రాజధానియే. యుద్ధము కారణముగా ఆమె ఈ దేశమున పెక్కేండ్లుండెను. కొంతకాలము కొడైకెనాలు కొండలపై గడపెను. అచ్చటి చెట్టుచేమలే ఆమె పాఠశాలలోని పిల్లలకు పాఠ్యగ్రంథములయ్యెను.

అంతకుముందే 1920లో గిజుభాయి బధేకా అను గుజరాతీ ఉపాధ్యాయుడు భావనగరమున బాలమందిరమును స్థాపించెను. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్, 1945 నుండి మహారాష్ట్ర తీరమునందలి బోర్డీ గ్రామమున పేదబిడ్డల విద్యకు పూనుకొనెను. బడికి రాలేని బిడ్డల వాకిళ్లకే బడిని తీసికొనిపోయెను. ఆ ప్రయత్నములనుండి 'బాల్‌వాడీ', 'అంగన్‌వాడీ' అను మాటలు వ్యాప్తి చెందినవి. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును ప్రారంభించి అంగన్‌వాడీని ఊరూరికి తెచ్చినది.

ఈ అంగన్‌వాడీ అను మాటను విడదీసి చూడవలెను. 'అంగన్' మన అంగణమే, అనగా ఇంటి ముంగిలి. 'వాడీ' అను మాటను మనవారు ఊరివాడ యనుకొందురు. గుజరాతీ, మరాఠీ భాషలలో వాడీ అనగా తోట యను అర్థమును కలదు. సంస్కృతమున 'వాటి', 'వాటిక' అనగా చుట్టు కంచెగల నేల, తోట. ఉద్యానవాటిక, పుష్పవాటిక అను మాటలు మన కావ్యములలో విరివిగా కలవు. కావున బాల్‌వాడీ అనగా అక్షరాల పిల్లల తోటయే. ఎల్.కె.జి. చదువు బిడ్డయు, అంగన్‌వాడీకి పోవు బిడ్డయు ఒకే పేరుగల బడికి పోవుచున్నారు. ఒకనికి ఆ పేరు జర్మనులో నున్నది, మరొకనికి దేశభాషలో నున్నది. తోట మాత్రము ఇద్దరిలో ఎక్కువమందికి లేదు.

పేరు కొత్తదైనను ఈ భావము మన దేశమునకు కొత్తది కాదు. కాళిదాసు నాటకమున దుష్యంతుడు శకుంతలను మొదట చూచునప్పుడు ఆమె పాదులకు నీరు పోయుచుండెను. కణ్వుని ఆశ్రమమున పెరుగు బిడ్డకు మొక్క తోబుట్టువు. ఆశ్రమమున విద్య యెచ్చట ముగిసి తోటపని యెచ్చట మొదలగునో చెప్పుట కష్టము.

అయితే జర్మను వసంతమును మన ఊరికి దించునప్పుడు ఒక జాగ్రత్త కావలెను. మన చైత్రమున మావిడి చిగుర్చును, వేప పూచును గాని, మెట్టనేల బీటలు వారియుండును. ఉగాదికి నాటిన చిన్న మొక్క వైశాఖపు ఎండకు నిలుచుట కష్టము. అచ్చటి వసంతమున జరుగు పని ఇచ్చట మృగశిర కార్తెలో, ఏరువాకతో జరుగును. తొలకరి చినుకు పడినప్పుడు మట్టి విడుచు వాసనయే మన పిల్లల తోటకు వసంతము. చిత్రమేమనగా, మన బడులు వేసవి సెలవుల పిదప తెరచుకొనునదియు ఆ జూన్ నెలలోనే. కొత్త బిడ్డయు, కొత్త విత్తనమును ఒకే వారమున వచ్చుచున్నారు. ఇంత అనుకూలమైన కాలము ఫ్రోబెల్‌కు సయితము దొరకలేదు.

2020లో ప్రకటింపబడిన జాతీయ విద్యావిధానము, మూడేండ్ల వయస్సునుండి బిడ్డలకు ఆటపాటలతో విద్య నేర్పవలెనని చెప్పినది. అంగన్‌వాడీ కేంద్రములలో 'పోషణ వాటిక' అను పేర ఆకుకూరల మళ్లు పెంచుటను ప్రభుత్వము ప్రోత్సహించుచున్నది. వాటిక అను మాట మరల బడి ముంగిటికి వచ్చుట సంతోషకరము. కాని ఆ మడిలో విత్తనము వేయుచున్నది ఎవరు అను ప్రశ్న మిగిలియున్నది. పెద్దలు పెంచి బిడ్డకు వండిపెట్టినచో బిడ్డ కడుపు నిండును. అది చిన్న సంగతి గాదు. బిడ్డ తానే నాటి, తానే వేచి, తానే కోసి తెచ్చినచో కడుపుతోబాటు మరియొకటియు నిండును. ఫ్రోబెల్ కోరినది ఆ రెండవది.

దీనికి పెద్ద ధనము అక్కరలేదు. బడి వెనుక రెండు గజముల నేలయైనను చాలును. దానిని చిన్న మళ్లుగా విభజించి, ప్రతి మడి అంచున బిడ్డ పేరు వ్రాసిన చీటి కట్టవలెను. చుట్టును అందరికి చెందిన తోటకూర, గోంగూర పాదులు. ప్రతి ఇంటను వంటగదిలో పెసలు, అలసందలు, కందులు ఉండనే యున్నవి. ఒక్కొక్క బిడ్డ ఇంటినుండి పిడికెడు తెచ్చిన చాలును. మేకనుండి కాపాడుటకు ముళ్లకంప పెద్దలు వేయవలెను. అంతకుమించి పెద్దలు చేయవలసిన పని, బిడ్డ గింజను తవ్వి చూచునప్పుడు కసరక ఊరకుండుట.

ఊరిలో గ్రంథాలయమును నిలుపుకొన్నవారికి ఓపిక యెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. నేడు పుస్తకమును కొని బీరువాలో ఉంచినవానికి, దానిని ఎవడు ఎన్నడు తీసి చదువునో తెలియదు. అచ్చుపుస్తకపు పండుగనాడు పుట్టిన ఆ తోటను, పుస్తకములను కాపాడినవారే తమ ఊరి బిడ్డలకు మరల ఇచ్చుట ఉచితము. రాబోవు మృగశిరకు బడి వెనుక మట్టిలో నాలుగేండ్ల బిడ్డ ఒకడు వంగి, పెసరగింజ తన రెండు బద్దలను పైకెత్తుటను చూచినచో, 'కె.జి.' అను రెండక్షరములకు మన ఊరిలో అర్థము కలిగినట్లగును.